గుర్రపు నాడా కొండ వెన్ను మీద ఒక రోజు నడక: ఎలా చేయాలి?

శ్రీకాకుళం జిల్లా మందస దాటి ఒడిశా సరిహద్దు వైపున్న కొండల్లో, లోయను కొండ వెన్ను, అంటే కొండ పైఅంచు, మూడు వైపులా గుర్రపు నాడాలా చుట్టిన చోట ఒక కొస నుంచి ఎక్కి, వెన్ను మీదుగానే నడిచి, రెండో కొస నుంచి దిగవచ్చు. చలికాలంలో తప్ప ఈ నడక తలపెట్టకూడదు.

మనిషికి మూడు లీటర్ల నీరు, పట్టున్న బూట్లు, టార్చిలైటు, వెదురు కర్ర చాలు. అల్యూమినియం కర్రలు రాళ్ల మీద చేసే చప్పుడు తప్ప వాటి వల్ల ఒరిగేదేమీ లేదు. తిండికి చోడి (రాగి) అంబలిని మించినది లేదు. అటవీ శాఖ అనుమతి ముందురోజే తీసుకోవాలి.

మార్గదర్శిగా కొండ కింది ఊరి సవర తెగ మనిషినే పెట్టుకోవాలి. "ఈ కొండ తెలుసా?" అని అడిగితే ఎవరైనా తెలుసుననే అంటారు, "ఈ ఏడాది అటు పక్కనుంచి దిగావా?" అని అడగాలి. ఎలుగుబంట్లు తిరిగే ప్రాంతం కనుక బాగా తెల్లవారాకే జీడితోటలు దాటాలి. నిటారుగా ఉన్న కొస నుంచి ఎక్కి, వాలుగా ఉన్న కొస నుంచి దిగడమే పద్ధతి. పైకి చేరాక వాయవ్యంగా కనిపించే 1,501 మీటర్ల మహేంద్రగిరి ఒడిశాలోది. దాన్ని చూసి ఆనందించడమే తప్ప, అటు వెళ్లిరావడం ఈ ఒక్కరోజులో కుదిరే పని కాదు.

అసలు చిక్కంతా దిగడంలోనే ఉంది. వంపు తిరిగి రెండో వైపుకు రాగానే లోయలో ఊరి కప్పులు కనిపిస్తాయి, పక్కనే ఒక గెడ్డ (కొండవాగు) తిన్నగా అటే పోతున్నట్టుంటుంది. దాంట్లోకి దిగకూడదు. మొదట ఇసుక, చదును రాళ్లతో హాయిగా ఉండే ఆ గెడ్డ, కొంత దూరం పోయాక నాచు పట్టి నున్నబడిన బండ దగ్గర నిలువెత్తున పడిపోతుంది. అక్కడ దూకినవారు తిరిగి ఎక్కలేరు, ఆ కింద వచ్చే దూకుడు ఇంకా పెద్దది కావచ్చు. ఫోనులోని పటం ఊరు ఎంత దగ్గరో చెబుతుంది గానీ మధ్యలో ఎంత లోతుందో చెప్పదు.

వెన్ను మీదే ఉన్నామని తెలుసుకోవడానికి ఒకటే పరీక్ష: నేల రెండు వైపులా కిందికి వాలాలి. ఒక వైపు పైకి లేస్తున్నదంటే దారి తప్పినట్టే. అప్పుడు అడ్డంగా కోసుకుపోకుండా, రెండు వైపులా వాలిన చివరి చోటికి వెనక్కి ఎక్కాలి. అలసటతో ఎవరికీ ఇష్టముండదు, అయినా ఎక్కాలి. బాగా నలిగిన కాలిబాటనూ గుడ్డిగా నమ్మవద్దు, పోడు చేనుకు వెళ్లే బాట మంచె దగ్గరే ఆగిపోతుంది. గులకరాళ్ల వాలులో ఒకరి నెత్తి మీద ఒకరు రాకుండా ఎడంగా, అటూ ఇటూ మళ్లుతూ దిగాలి. రాయి జారితే వెంటనే కేక వేయాలి.

డిసెంబరులో అయిదున్నరలోపే పొద్దు గుంకుతుంది. మధ్యాహ్నానికి వంపు చేరకపోతే వచ్చిన దారినే వెనుదిరగాలి. ఊరు చేరాక మార్గదర్శికి మాట్లాడుకున్న సొమ్ము అక్కడికక్కడే ఇవ్వాలి. మంచు పట్టి ఫోటోలు రాలేదని బేరమాడకూడదు.