చేతిని చదవడం, 4వ పాఠం: ‘నరం’ అనే మాటతో వచ్చిన తంటా

ఈసారి వేళ్లు పట్టేయడం గురించి మొదలుపెడదామనుకున్నాను. మీరు పంపిన చేతి బొమ్మలు చూశాక ముందు వెనక్కి వెళ్లక తప్పదనిపించింది. పోయిన పాఠంలో ఇచ్చిన పని చిన్నదే. కాగితం మీద అరచేయి ఆనించి చుట్టూ గీత గీసుకోండి, తిమ్మిరి వచ్చినప్పుడు అది ఎంత మేర ఉందో పెన్సిల్‌తో నింపండి, అన్నాను. చాలా బొమ్మల్లో చెయ్యి మొత్తం నల్లగా ఉంది. ఇంకొన్నింటిలో మణికట్టు దగ్గర బాణం గుర్తు వేసి ‘ఇక్కడ నరం పట్టింది’ అని రాశారు. ఈ రెండో రకం గురించి తర్వాత మాట్లాడతాను, కాస్త కోపంగానే.

మొదటి రకంలో తప్పు కొంత నాది. తిమ్మిరి రాత్రి రెండింటికి వచ్చింది, మీరు బొమ్మ తెల్లారి ఎనిమిదింటికి గీశారు. నిద్రమత్తులో చెయ్యి విదిలించుకున్న మనిషికి పొద్దున గుర్తుండేది ‘చెయ్యంతా’ అనే. అందుకే ఈసారి కాగితం, పెన్సిలు తలగడ పక్కనే ఉండాలి. మెలకువ రాగానే, విదిలించకముందే, చిటికెన వేలిని తాకి చూడండి. నేనైతే ఎవరొచ్చినా ముందు చిటికెన వేలి సంగతే అడుగుతాను. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలిలో మధ్య వేలి వైపు సగం, ఇవి మీడియన్ నరం పాలు. అది మణికట్టులో ఒక ఇరుకు సొరంగం గుండా వస్తుంది. చిటికెన వేలూ, దాని పక్క సగమూ అల్నార్ నరం పాలు. అది మోచేతి వెనక నుంచి వస్తుంది. ఎక్కడైనా తగిలితే జివ్వుమనే చోటు అదే. చిటికెన వేలు బాగానే ఉండి మిగతావి మొద్దుబారితే అనుమానం మణికట్టు మీద. చిటికెన వేలే మొద్దుబారితే ఎక్కువగా మోచేతి మీద.

నాకు బాగా ఇష్టమైన పరీక్ష ఇంకొకటి ఉంది. కాగితం మూలతో ఉంగరపు వేలి ఈ పక్కా ఆ పక్కా గీరండి. ఒక పక్క మొద్దుగా, రెండో పక్క మామూలుగా ఉందంటే యంత్రాలు చెప్పకముందే సగం సంగతి తెలిసినట్టే. బొటనవేలి కింద కండ ఉబ్బుగా ఉంటుంది కదా, దాని మీది చర్మం మాత్రం మణికట్టు సొరంగం జబ్బులో (అక్కడ మీడియన్ నరం నలగడం, కార్పల్ టన్నెల్ అంటారు) మొద్దుబారదు. ఆ చర్మానికి వెళ్లే కొమ్మ సొరంగంలోకి రాకముందే విడిపోతుంది. మీ బొమ్మలో అదీ నల్లగా ఉంటే, విదిలించకముందు తాకి చూసి నింపారా అని మళ్లీ ఆలోచించండి. నిజంగానే మొద్దుగా ఉంటే, చేతి నరాలు బయల్దేరే మెడనీ చూపించుకోవాలి.

ఇక మీకు చెప్పిన, మణికట్టు వంచి ఉంచి తిమ్మిరి వస్తుందేమో చూసే పరీక్ష. ఎంతసేపో రాయడం మర్చిపోయాను. ఒకాయన ఐదు నిమిషాలు పట్టి ఉంచారట! అంతసేపు బలంగా వంచితే ఎవరి చెయ్యయినా తిమ్మిరెక్కుతుంది. ఒక్క నిమిషం, బలం పెట్టకుండా, మోచేతులు బల్ల మీద ఆనించి. మోచెయ్యి బాగా ముడిచేస్తే చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంది, అప్పుడు రెండు నరాల లెక్కలు కలిసిపోతాయి.

మణికట్టు సొరంగమే అనుకున్నవాళ్లు రాత్రిపూట మణికట్టు వంగకుండా తిన్నగా ఉంచే స్ప్లింట్ వాడి చూడొచ్చు. బిగుతుగా పట్టే సాగే పట్టీలు నాకు నచ్చవు. ఇరుకుగా ఉన్న చోటుని ఇంకా నొక్కడమెందుకు? గర్భిణులకు, షుగరు, థైరాయిడ్ లోపం, కీళ్లవాతం ఉన్నవాళ్లకు ఇది ఎక్కువ. తిమ్మిరి పగలు కూడా పోకుండా నిలిచిపోయినా, బొత్తాలు పెట్టుకోవడం కష్టమైనా, బొటనవేలి కింది కండ రెండో చేతితో పోలిస్తే పల్చబడినా ఇంట్లో ప్రయోగాలు చాలు. చేతి స్పెషలిస్టుని కలవండి. పల్చబడిన కండ మళ్లీ పూర్తిగా రాకపోవచ్చు.

ఇప్పుడు ఆ ‘నరం’ సంగతి

మన భాషలో ‘నరం’ మూడు నాలుగు ఉద్యోగాలు చేస్తోంది. చెయ్యి మీద నీలంగా ఉబ్బి కనిపించేది నరం. మెడ తిరగకపోతే నరం పట్టింది. మణికట్టు కోసుకుంటే నరం తెగింది. తిమ్మిరొస్తే నరాల బలహీనత. నీలంగా ఉన్నవి రక్తాన్ని గుండెకు చేర్చే సిరలు. మెడ పట్టడం చాలాసార్లు కండరం పని. పుస్తకాల్లో నరాన్ని ‘నాడి’ అంటారు గానీ, నాడి అనగానే అందరూ మణికట్టు పట్టుకుని పల్సు చూస్తారు! కాబట్టి ఈ పాఠాల్లో నరం అంటే స్పర్శను మెదడుకూ, మెదడు ఆజ్ఞను కండరానికీ మోసే తీగ మాత్రమే. కండరాన్ని ఎముకకు కట్టి వేలిని లాగే తాడు పేరు టెండన్.

బొటనవేలినీ చిటికెన వేలినీ కలిపి మణికట్టుని కొంచెం వంచండి. నడిమధ్యన ఒక తాడు లేస్తుంది. ‘ఇదే కదండీ నరం’ అని చూపిస్తారు. కాదు, అది టెండన్. కొందరికి అది పుట్టుకతోనే ఉండదు, లేకపోయినా ఏమీ కాదు. అసలు మీడియన్ నరం దాని కింద దాక్కుని ఉంటుంది, పైకి కనిపించదు.

ఇంత చాదస్తం ఎందుకంటే, మాట తప్పితే చికిత్సా తప్పుతుంది. వేలు మడిచాక తెరుచుకోక, రెండో చేత్తో లాగితే టక్కుమని తెరుచుకునే జబ్బు ఉంది. ట్రిగ్గర్ ఫింగర్ అంటారు. దీన్ని ‘నరం పట్టడం’ అనుకుని కొందరు నెలల తరబడి నరాల మాత్రలు మింగారు. ఇక్కడ నరానికి ఏ సంబంధమూ లేదు. టెండన్‌ను ఎముకకు ఆనించి ఉంచే చిన్న ఉంగరం లాంటి కట్టు ఒకటి వేలి మొదట్లో, అరచేతిలో ఉంటుంది. ఆ కట్టు మందమై, టెండన్ ఉబ్బి, సూది కన్నంలో ముడిపడ్డ దారంలా ఇరుక్కుంటుంది. నొప్పి మాత్రం నడి కణుపులో తెలుస్తుంది, అందుకే జనం ఆ కణుపుకే ఎక్స్‌రే తీయించుకుంటారు, అందులో ఏమీ కనబడదు. అరచేతిలో ఆ వేలి మొదట్లో నొక్కి పట్టి వేలు మడిచి తెరవండి, బఠాణీ గింజంత ముడి కదలడం మీకే తెలుస్తుంది. బొటనవేలికీ ఉంగరపు వేలికీ ఎక్కువగా వస్తుంది, షుగరు ఉన్నవాళ్లకు మరీనూ. అక్కడ వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో చాలామందికి తగ్గుతుంది. షుగరు ఉన్నవాళ్లకు ఆ తర్వాత కొన్ని రోజులు చక్కెర పెరుగుతుంది, చూసుకోవాలి. వేలు పూర్తిగా బిగుసుకుపోయేదాకా ఆగొద్దు.

దీనికి తిరగేసిన పొరపాటు ఇంకా ప్రమాదం. గాజుపెంకు కోసుకుని రక్తం ఆగాక ‘నరం తెగలేదులే, వేలు కదులుతోంది’ అంటారు. ఒక్కో వేలిని మడిచే టెండన్లు రెండు, పైదొకటి, లోతుదొకటి (బొటనవేలికి వేరు లెక్క). ఒకటి తెగినా రెండోది పని చేస్తుంది, వేలు మడుచుకుంటుంది. నడి కణుపుని వంగకుండా పట్టుకుని కొస కణుపుని విడిగా మడవమనండి. మడవలేకపోతే లోతు టెండన్ పోయినట్టే. తర్వాత గాయానికి అవతల, వేలి కొన రెండు పక్కలా కాగితం మూలతో గీరండి. ఒక పక్క మొద్దుగా ఉందంటే, అప్పుడు అనండి నరం తెగిందని. గాయం అర అంగుళమే అయినా, కుట్లు వేసి పంపకుండా లోపల చూడమని ఆ రోజే అడగాలి. కుట్టిన నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున ఎదుగుతుంది. మణికట్టు దగ్గర తెగితే వేలి కొనకు స్పర్శ చేరడానికి ఎన్ని నెలలో మీరే లెక్కేసుకోండి.

ఇంకో రెండు మాటలు గబగబా. బొటనవేలి వైపు మణికట్టు నొప్పి, చంటిబిడ్డను ఎత్తుకునే తల్లుల్లో ఎక్కువ, అదీ టెండన్ గొడవే. బొటనవేలిని పిడికిట్లో దాచి మణికట్టు వంచే పరీక్ష జోలికి పోకండి, గట్టిగా వంచితే ఆరోగ్యమైన చెయ్యి కూడా నొప్పెడుతుంది. కీళ్ల సంగతికొస్తే, కొస కణుపుల మీద గట్టి బుడిపెలు అరుగుదల. రెండు చేతుల్లోనూ వేళ్లు అరచేతితో కలిసే చోటి కీళ్లు మెత్తగా వాచి, పొద్దున గంటకు పైగా బిగుసుకుంటే కీళ్లవాతం డాక్టరుని త్వరగా కలవాలి, సర్జన్‌ని కాదు.

ఆగకూడనివి

ఏ దెబ్బకైనా ముందు ఉంగరం తీసేయండి. ఇది చెప్పక్కర్లేదనుకున్నాను, కానీ వాచిన వేలి మీద ఉంగరాన్ని కట్టర్‌తో కోయించడం చాలాసార్లు చూశాను.

గోరుచుట్టు మామూలు డాక్టరు చూస్తారు. వేలు మొత్తం ఒకే లావున ఉబ్బడం, కొద్దిగా వంగి ఉండిపోవడం, అరచేతి వైపు పొడుగునా నొక్కితే నొప్పి, కొనను కొంచెం తెరవబోతే ప్రాణం పోయినంత నొప్పి, ఈ నాలుగు గుర్తులూ అలెన్ కానవెల్ అనే సర్జన్ పేరుతో ఇప్పటికీ చెబుతారు. టెండన్ చుట్టూ ఉండే గొట్టంలో చీము పట్టిందని వాటి అర్థం. నాలుగూ వచ్చేదాకా చూడకండి, రెండు కనబడినా ఆ రాత్రే ఆసుపత్రికి. ఎదుటివాడి పన్ను తగిలి పిడికిలి మెటిక మీద పడ్డ చిన్న గాటూ అంతే, కీలు లోపలికి దిగి ఉండొచ్చు. పెయింటో గ్రీజో అధిక ఒత్తిడితో కొట్టే గన్ను వేలిలోకి పేలితే పైకి సూదిపోటంత చిల్లే కనబడుతుంది. దాన్ని చూసి మోసపోవద్దు, లోపల విధ్వంసం గంటల్లో జరుగుతుంది.

వేలు తెగి పడితే శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, సంచిలో మూతి బిగించి, ఆ సంచిని మంచునీళ్లలో పెట్టండి. వేలికి మంచు నేరుగా తగలకూడదు.

చేయి చాచి కిందపడ్డాక, బొటనవేలు పైకెత్తితే దాని మొదట్లో ఏర్పడే గుంటలో నొక్కితే నొప్పిగా ఉంటే, మొదటి ఎక్స్‌రే బాగుందన్నా నమ్మేయకండి. అక్కడి స్కాఫాయిడ్ ఎముక పగులు మొదట కనబడకపోవచ్చు. కదలకుండా కట్టు ఉంచి 10 నుంచి 14 రోజుల్లో మళ్లీ తీయిస్తారు, లేదా స్కాన్ చేస్తారు. ఆ ఎముకకు రక్తం వేళ్ల వైపు నుంచి వెనక్కి వెళ్తుంది. పగులును వదిలేస్తే ముంజేయి వైపు ముక్క చచ్చిపోవచ్చు.

బంతి తగిలి వేలి కొన వాలిపోయి, తనంతట తాను లేవకపోతే కొనను పైకెత్తే టెండన్ తెగినట్టు. ఎక్స్‌రేలో పెద్ద ఎముక ముక్క లేకపోతే సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు. కొస కణుపుని తిన్నగా ఉంచే స్ప్లింట్ 6 నుంచి 8 వారాలు, రాత్రీ పగలూ. మధ్యలో ఒక్కసారి కొన వాలిందా, లెక్క మళ్లీ మొదటి రోజు నుంచి. కడుక్కోవడానికి స్ప్లింట్ తీస్తే వేలిని బల్ల మీద ఆనించే ఉంచాలి. దీనికి ఎదురు జబ్బు, ఆటలో ఎవరి చొక్కానో పట్టి లాగితే కొన మడవడమే రాకపోవడం. ఇది ఎక్కువగా ఉంగరపు వేలికే. తెగిన టెండన్ అరచేతిలోకి జారిపోవచ్చు, వారం పది రోజులు దాటితే మళ్లీ కుట్టడం కష్టం.

అకస్మాత్తుగా ఒక చెయ్యి మొద్దుబారి, మూతి వంకరైనా మాట తడబడినా అది ఈ పాఠాల పరిధి కాదు, వెంటనే అంబులెన్స్ పిలవండి.

అభ్యాసం

ఈసారి కొంచెం కష్టమైనదే. ఏడు రాత్రులు, తిమ్మిరి వచ్చిన ప్రతిసారీ అప్పటికప్పుడు కొత్త బొమ్మ. తిమ్మిరి రానివాళ్లు ఇంట్లో ఎవరి చేతినైనా అడిగి గీయండి. పోయిన బొమ్మ మీద ‘నరం’ అని రాసిన ప్రతి చోటా అది కొట్టేసి టెండన్, నరం, సిర, కీలు, వీటిలో ఏదో రాసి, పక్కన ఎందుకలా అనుకున్నారో ఒక వాక్యం.

రెండోది, ఏ దెబ్బా లేని ఒక వేలి కొస కణుపుకు కింద ఐస్‌క్రీం పుల్ల ముక్క ఆనించి టేపు వేయండి, నడి కణుపు మడుచుకునేలా వదిలి. బిగించవద్దు, కొన పాలిపోయినా నీలమైనా తీసేయండి. పొద్దున్నుంచి రాత్రి పడుకునేదాకా ఉంచండి, చేతులు కడిగేటప్పుడు తీసినా కొన వాలకూడదు. ఎన్నిసార్లు వాలిందో గీతలు పెట్టుకోండి. బొమ్మలతో పాటు ఆ గీతల లెక్కా పంపండి. నేను చేసిన మొదటి రోజు నావి పదకొండు.