టమాటా మొక్క కుండీలోనా, నేలలోనా?

టమాటా మొక్కను కుండీలో పెంచాలా, నేలలో నాటాలా అని తేల్చుకునే ముందు ఒక చిన్న పరీక్ష చేసుకోవడం మంచిది. అడుగు లోతున గుంత తవ్వి, నీటితో నింపి, అది ఇంకాక మరోసారి నింపండి. కొన్ని గంటలు గడిచినా ఆ నీరు నిలిచే ఉంటే అక్కడ వేర్లు కుళ్లే ప్రమాదం ఉంది కాబట్టి కుండీయే మేలు. అదే చోట ఇంతకుముందు వంగ, మిరప, టమాటా మొక్కలు ఎండు తెగులుతో పోయినా, పీకి చూసినప్పుడు వేర్లపై నులిపురుగుల బుడిపెలు కనిపించినా ఆ నేలను వదిలేయవలసిందే. ఈ చిక్కులేవీ లేనప్పుడు మాత్రం నేలనే ఎంచుకోవాలని నా అభిప్రాయం, ఎందుకంటే వేర్లు లోతుకు పాకి తేమను వెతుక్కుంటాయి గనుక ఒకటి రెండు రోజులు నీరు పెట్టకపోయినా మొక్క తట్టుకుంటుంది.

కుండీలో ఆ వెసులుబాటు ఉండదు. కనీసం 20 లీటర్లు పట్టే, అడుగున రంధ్రాలున్న కుండీని తీసుకుని, మట్టి గట్టిపడకుండా కొబ్బరి పొట్టు, బాగా మాగిన కంపోస్టు కలిపి నింపాలి. మట్టిలోకి వేలిని రెండు అంగుళాలు దింపినప్పుడు పొడిగా తగిలితే నీరు పోయాలి; మండు వేసవిలో ఇది రెండు పూటలా అవసరం కావచ్చు. తడి ఒకనాడు ఎక్కువ, మరొకనాడు తక్కువ అయితే కాయకు కాల్షియం సరిగా అందక అడుగుభాగం నల్లబడి కుళ్లుతుంది. దీన్ని తెగులనుకుని మందు కొట్టేవారు చాలామంది ఉన్నారు గానీ, ఆ మందుకు అక్కడ పనే లేదు. నీటితోపాటు పోషకాలు కూడా కారిపోతాయి కనుక పూత మొదలైనప్పటి నుంచి రెండు వారాలకోసారి పలుచని ద్రవ ఎరువు ఇవ్వాలి.