రియాక్షన్ టైమ్ 18 మిల్లీసెకండ్లు చూపిస్తోందా? టైమర్1ని సరిచేయండి

రియాక్షన్ టైమ్ కొలవడానికి ఆర్డునో ఊనో (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు)లో ఎల్‌ఈడీ వెలగగానే చిప్‌లోని కౌంటర్ టైమర్1ని సున్నా చేసి, బటన్ నొక్కినప్పుడు అందులోని విలువ చదువుతున్నారనుకుందాం.

సమస్య: ఒకే మనిషికి ఒకసారి 240 మిల్లీసెకండ్లు, మరోసారి 18 వస్తున్నాయి.

కారణం: వెలుగు చూసి నొక్కడానికి మనిషికి మామూలుగా 200 నుంచి 300 మిల్లీసెకండ్లు పడుతుంది. 18లో ఎవరూ నొక్కలేరు. ప్రీస్కేలర్ (క్లాక్‌ని ఎంతతో భాగించాలో చెప్పే సంఖ్య) 64 పెట్టారేమో చూడండి. 16 మెగాహెర్ట్జ్ క్లాక్‌కి అప్పుడు కౌంటర్ 4 మైక్రోసెకండ్లకోసారి ఒకటి పెరుగుతుంది. అది 16 బిట్ల కౌంటర్ కాబట్టి 262.144 మిల్లీసెకండ్లకల్లా నిండి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 280లో నొక్కినా 18 అనే కనిపిస్తుంది. ఈ హద్దు సరిగ్గా మనుషుల రియాక్షన్ టైమ్ మధ్యలో పడడమే అసలు చిక్కు. చురుగ్గా నొక్కేవాళ్లకు లెక్క సరిగ్గానే వస్తుంది, అందుకే తప్పు తొందరగా బయటపడదు.

పరిష్కారం: ప్రీస్కేలర్ 256 చేయండి. టైమర్1 సెట్టింగులుండే టీసీసీఆర్1బీ రిజిస్టర్‌లోని క్లాక్ బిట్లలో సీఎస్12 ఒక్కటే ఆన్‌లో ఉండాలి. ఒక్కో అడుగు 16 మైక్రోసెకండ్లు, మొత్తం 1.048 సెకన్ల దాకా కొలవొచ్చు. ఈ పనికి అంతకంటే సూక్ష్మత అక్కర్లేదు. నిద్రమత్తులో ఉన్నవాళ్లను కూడా కొలవాలంటే 1024 పెట్టండి, 4.19 సెకన్లు దొరుకుతాయి.

సమస్య: కౌంటర్ 255 దాటడం లేదు.

మీ ప్రోగ్రామ్‌లోని సెటప్‌కి ముందే ఆర్డునో టైమర్1ని 8 బిట్ల పీడబ్ల్యూఎం (పిన్‌ని వేగంగా ఆన్, ఆఫ్ చేసే పద్ధతి)లో పెట్టేస్తుంది. ముందుగా టైమర్1 మరో సెట్టింగుల రిజిస్టర్ టీసీసీఆర్1ఏని సున్నా చేయండి. సర్వో లైబ్రరీ, 9, 10 పిన్నులపై అనలాగ్‌రైట్ కూడా ఇదే టైమర్‌ని వాడుకుంటాయి, వాటిని తీసేయండి.

సమస్య: అందరికీ 50 మిల్లీసెకండ్లు ఎక్కువ వస్తోంది.

కారణం: బటన్ బౌన్స్ (నొక్కగానే లోపలి లోహం అదిరి పలుమార్లు కలిసి విడిపోవడం) తగ్గాలని టైమర్ చదివే ముందు డిలే పెట్టి ఉంటారు. మనకు కావాల్సింది మొదటి స్పర్శ సమయం. బౌన్స్ దాని తర్వాతే వస్తుంది.

పరిష్కారం: బటన్‌ని 8వ పిన్‌కి, గ్రౌండ్‌కి మధ్య కలిపి, పుల్అప్ (నొక్కనప్పుడు పిన్‌ని హైలో ఉంచే లోపలి రెసిస్టర్) ఆన్ చేసి, ఇన్‌పుట్ క్యాప్చర్ వాడండి. నొక్కిన క్షణంలోని విలువను హార్డ్‌వేరే ఐసీఆర్1 అనే రిజిస్టర్‌లో దాస్తుంది. ప్రోగ్రామ్ ఆ సమయంలో ఏం చేస్తున్నా తేడా రాదు. మొదటి విలువ తీసుకుని మిగతావి వదిలేయండి. ఎల్‌ఈడీ వెలిగించే ముందు, క్యాప్చర్ జరిగిందని చెప్పే ఐసీఎఫ్1 ఫ్లాగ్‌లో 1 రాయండి, దాంతోనే అది క్లియర్ అవుతుంది. లేకపోతే అంతకుముందు నొక్కిన నొక్కుడే ఫలితంగా వస్తుంది.

సమస్య: ఇవన్నీ సరిచేశాక కూడా 90, 60 వస్తున్నాయి.

ఆడేవాళ్లు ఊహించి నొక్కుతున్నారు. పరుగు పందేల్లో 100 మిల్లీసెకండ్ల లోపు కదిలితే ఫాల్స్ స్టార్ట్ అంటారు, మీరూ అదే హద్దు పెట్టుకోండి. ఎల్‌ఈడీకి ముందు 2 నుంచి 5 సెకన్ల మధ్య ఎంతసేపైనా ఆగేలా ర్యాండమ్ వాడండి. సీడ్ (ర్యాండమ్ వరుసకు మొదలుపెట్టే విలువ) ఇవ్వకపోతే రీసెట్ చేసిన ప్రతిసారీ అదే వరుస వస్తుంది, ఖాళీగా ఉన్న ఏ0 పిన్ చదివి ఆ విలువనే సీడ్‌గా ఇవ్వండి.