ప్రోస్టేట్ ఆపరేషన్: సంతకం పెట్టే ముందు వేసుకోవలసిన లెక్కలు

సోంపేట నుంచి శ్రీకాకుళం బస్సెక్కితే దారిలో బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో కంఠస్థం చేసిన మనిషిని నేను. మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగి, 66వ ఏట ఒక రాత్రి మూత్రం పూర్తిగా ఆగిపోయింది. గొట్టం వేసి తీస్తే దాదాపు లీటరు వచ్చింది. మర్నాడు ఒక ఆసుపత్రిలో మొదటి మాటే "లేజర్ చేసేద్దామా?" అన్నారు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ని. దత్తాంశాలు చూడకుండా సూత్రం ఎంచుకోవడం నాకు నచ్చదు.

ముందు, ఆపరేషన్ అవసరమా? రాత్రి రెండుసార్లు లేవడమే బాధైతే మాత్రలతో చాలాకాలం నెట్టుకురావచ్చు. (ఆ మాత్రల్లో ఒకటైన టామ్సులోసిన్ వాడుతుంటే కంటి శుక్లాల ఆపరేషన్‌కు ముందు కళ్ల డాక్టరుకు తప్పక చెప్పండి, కనుపాప వదులై ఇబ్బంది పెడుతుంది.) మూత్రం మళ్లీ మళ్లీ ఆగిపోవడం, ఇన్ఫెక్షన్లు, ఆగని రక్తం, మూత్రాశయంలో రాళ్లు, అడ్డం వల్ల కిడ్నీ దెబ్బతినడం ఉంటే మాత్రం వాయిదా వేయకూడదు.

మా ఉద్దానం వాళ్లకు ఇంకో లెక్క ఉంది. కవిటి, కంచిలి, సోంపేట వైపు మూత్రపిండాల జబ్బు సంగతి కొత్తగా చెప్పనవసరం లేదు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే కొలత) పెరిగి ఉంటే అది ప్రోస్టేట్ అడ్డం వల్లనా, కిడ్నీ జబ్బు వల్లనా తేల్చాలి. గొట్టం కొన్ని రోజులు ఉంచితే, అడ్డం వల్ల పెరిగినది సాధారణంగా దిగుతుంది. నాది దిగింది. దిగనివాళ్లు, ఆపరేషన్ చేయిస్తే కిడ్నీ కూడా బాగవుతుందన్న ఆశ పెట్టుకోకూడదు.

తర్వాత గ్రంథి పరిమాణం. స్కానింగ్ కాగితంలో గ్రాముల్లోనో మిల్లీలీటర్లలోనో ఉంటుంది. సుమారు 30 నుంచి 80 మధ్య ఉంటే టీయూఆర్‌పీ సరిపోతుంది: మూత్రనాళం గుండా పరికరం పంపి, లోపలి కండను ముక్కలుగా గీకి తీస్తారు. ఇందులో రెండు రకాలున్నాయి. పాత మోనోపోలార్ పద్ధతిలో కడగడానికి వాడే గ్లైసిన్ ద్రవం రక్తంలోకి ఎక్కువగా చేరితే సోడియం పడిపోతుంది. వాంతులు, అయోమయం, ఒక్కోసారి ప్రాణాపాయం. రెండో రకమైన బైపోలార్‌లో సెలైన్ వాడతారు కాబట్టి ఆ భయం లేదు. మీకు చేసేది ఏదో అడగండి. 80 దాటితే హోలెప్ అనే లేజర్ పద్ధతి మేలు, రక్తం తక్కువ పోతుంది. అయితే అది చేయి తిరిగిన డాక్టరు చేతిలోనే. ఆ సౌకర్యం లేనిచోట పొట్ట కోసి చేసేది ఇప్పటికీ ఉంది. నాది 58 గ్రాములు. బైపోలార్ చేయించుకున్నాను.

ఎవరూ నోరు విప్పి చెప్పని సంగతి ఒకటి. ఈ ఆపరేషన్ల తర్వాత సగానికి పైగా మందికి వీర్యం బయటకు రాదు, వెనక్కి మూత్రాశయంలోకి పోతుంది. అంగస్తంభన సాధారణంగా చెడదు. పిల్లలు కావాలనుకునేవారికి ఇది చిన్న విషయం కాదు. నీటి ఆవిరితో చేసే రెజూమ్, గ్రంథిని క్లిప్పులతో పక్కకు లాగి కట్టే యూరోలిఫ్ట్ ఈ విషయంలో నయం. కాని అన్ని గ్రంథులకూ పనికిరావు, ఫలితమూ అంత బలంగా ఉండదు.

కొన్ని వారాలు మూత్రం ఆపుకోలేకపోవడం మామూలే. శాశ్వతంగా ఉండిపోవడం అరుదు. నెలల తర్వాత ధార మళ్లీ సన్నబడితే నాళం ఇరుకైందేమో చూపించుకోవాలి.

రక్తం పలచబరిచే మాత్రలను ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరుతో కాగితం మీద రాయించుకోండి. ఇంటికొచ్చాక రెండో వారం జాగ్రత్త: లోపలి పొక్కు ఊడే సమయం. పన్నెండో రోజున కొబ్బరికాయల బస్తా ఎత్తాను. సాయంత్రానికి రక్తం గడ్డలు, మళ్లీ మూత్రం బంద్, మళ్లీ గొట్టం. మా ఆవిడ బస్తాలున్న కొట్టుకు తాళం వేసింది. ఆరు వారాలు బరువులు, మోటారు సైకిలు, ముక్కడం వద్దు.

తీసిన ముక్కల బయాప్సీ రిపోర్టు మాత్రం వదిలేసి రాకండి. గ్రంథి బయటి పొర లోపలే మిగిలి ఉంటుంది, అందులో క్యాన్సర్ రావచ్చు. పీఎస్‌ఏ పరీక్ష (ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానం చూసే రక్తపరీక్ష) మళ్లీ ఎప్పుడో అప్పుడే అడిగి తేదీ రాసుకోండి.