గోదావరి డెల్టా చలికి తగిన ముస్తాబు

ధనుర్మాసంలో గోదావరి డెల్టాలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత సాధారణంగా 18, 19 డిగ్రీల దగ్గర ఉంటుంది, మధ్యాహ్నానికి 29, 30కి చేరుతుంది. అంకెలు చూస్తే ఇదేమంత చలి అనిపించవచ్చు. కానీ ధవళేశ్వరం నుంచి చీలి వచ్చే కాలువలూ, దాళ్వా (రెండో పంట వరి) కోసం నీరు పెట్టిన చేలూ, ఊరూరా ఉన్న చెరువులూ గాలిని తేమతో నింపుతాయి. ఆ తేమ బట్టలోకి దిగినప్పుడు, నిశ్చలమైన గాలి కన్నా నీరు ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని లాగివేస్తుంది కనుక, ఒళ్ళు వణకడం మొదలవుతుంది. పొద్దెక్కి మంచు విడిపోగానే అదే మనిషికి చెమట పడుతుంది. అందువల్ల ఇక్కడ ఒక మందపాటి స్వెటర్ కన్నా, ఒక్కొక్కటిగా తీసివేయడానికి వీలైన మూడు పలుచని పొరలే మేలు. పై పొర తీసినా లోపలిది చూడముచ్చటగా ఉండాలి. ఈ ప్రాంతపు ముస్తాబులో నేను అన్నిటికన్నా ముఖ్యంగా భావించేది ఇదే.

ఒంటిని తాకే పొర పొడిగా, శరీరానికి అమరేటట్టు ఉండాలి. పలుచని నూలు బనియను చాలు గాని, అది నిజంగా ఆరినదై ఉండాలి. మన పెరళ్ళలో దండెం మీద సాయంత్రం దాకా వదిలేసిన బట్టలు మంచును పీల్చుకుని, చేతికి పొడిగా తోచినా తొడుక్కోగానే చల్లగా తగులుతాయి. చలికాలంలో బట్టలను ఎండ ఉండగానే లోపలికి తెచ్చి, పొద్దున తొడుక్కునే ముందు ఒకసారి ఇస్త్రీ చేస్తే మిగిలిన తేమ పోతుంది. గంజి పెట్టిన చొక్కా మంచులో తిరిగితే బిరుసు తగ్గి వేలాడుతుంది కాబట్టి, దానిని పగటి వేళకు ఉంచుకోవడం మంచిది.

రెండో పొరకు ఉన్ని సాటిలేనిది. తన బరువులో సుమారు మూడో వంతు తేమను పీల్చుకున్నా ఉన్ని తడిసినట్టు అనిపించదు, వెచ్చదనాన్ని నిలుపుతుంది. చేతులు లేని పలుచని ఉన్ని స్వెటర్‌ను చొక్కా మీద వేసుకుంటే ఛాతీ వెచ్చగా ఉంటుంది, చేతులు స్వేచ్ఛగా ఆడతాయి. పంచె, ఖద్దరు లాల్చీ కట్టే మగవారికి దాని బదులు చేతుల్లేని ఉన్ని కోటు హుందాగా ఉంటుంది. కోటు కొనేటప్పుడు లోపల వేసుకునే లాల్చీతోనే తొడిగి చూడాలి. భుజం కుట్టు భుజపు ఎముక దగ్గరే ఆగాలి, బొత్తాలు పెట్టాక లోపల అరచేయి దూరేంత చోటుండాలి. పొరల మధ్య నిలిచే గాలే వెచ్చదనమిస్తుంది కనుక, మరీ బిగుతైన కోటు అందాన్నీ వెచ్చదనాన్నీ రెండింటినీ చెడగొడుతుంది.

చీర విషయంలో కొంత ఎక్కువ ఆలోచించాలి. కుచ్చిళ్ళ పొరల వల్ల నడుము కింద వెచ్చగానే ఉంటుంది; చలి చొరబడేది వీపు, చేతులు, నడుము పక్కల నుంచి. కాబట్టి వీపు మూసి, మణికట్టు దాకా చేతులు పెట్టి, నడుము దాకా పొడవుగా కుట్టించిన మఖమలు జాకెట్టు చలికాలానికి చక్కగా సరిపోతుంది. ఆ బట్ట మీది నూగు గాలిని పట్టి ఉంచుతుంది, ముదురు రంగైతే చీర అంచుకు నిండుదనం ఇస్తుంది. కాకినాడ దగ్గరి ఉప్పాడ జాందానీ పట్టు చీర తేలికైనది కనుక లంగా కింద నూలు లెగ్గింగ్ వేసుకోవాలి. అమలాపురం పక్కనున్న బండారులంక నూలు చీరకైతే జాకెట్టు మీద పలుచని ఉన్ని శాలువా కావాలి. శాలువా పైట పనితనాన్ని కప్పివేస్తుందన్నది చాలామంది ఫిర్యాదు. అంచు రంగులోనే సాదా శాలువా తీసుకుని, పైట లేని భుజం మీదుగా వీపు చుట్టూ తిప్పి ముంజేతి మీద వేసుకుంటే పైట కనిపిస్తూనే ఉంటుంది. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన నరసాపురం లేసుతో అల్లిన స్టోల్, రంధ్రాల వల్ల గాలిని ఆపదు గాని, నిండు జాకెట్టు మీద వేసుకుంటే పొద్దెక్కాక కూడా తీయనవసరం లేని అందమైన పొర అవుతుంది.

కాలువ గట్టు మీద బండి నడిపేవారికి మూడో పొర తప్పనిసరి, ఎందుకంటే ఎదురుగాలి ముందుగా ఛాతీనీ వేళ్ళనూ తాకుతుంది. గాలి చొరని పలుచని విండ్‌చీటర్‌ను మెడదాకా జిప్పు పెట్టుకుని, చేతి తొడుగులు వేసుకోవాలి. మఫ్లర్, చున్నీ, పైట కొసలను విండ్‌చీటర్ లోపలికి దోపుకోవాలి. చక్రంలో చిక్కుకుంటే ప్రాణాపాయం. బూడిద, తెలుపు రంగులు పొగమంచులో కలిసిపోతాయి. పసుపు, నారింజ రంగులు లారీ నడిపేవారికి త్వరగా కనిపిస్తాయి, ఫొటోలోనూ బాగుంటాయి.

భోగిమంట దగ్గర మాత్రం ఈ విండ్‌చీటర్‌ను తీసివేయాలి. నైలాన్, పాలిస్టర్ బట్టలు నిప్పురవ్వకు కరిగి చర్మానికి అంటుకుంటాయి. ఉన్నికి అంత సులభంగా నిప్పంటుకోదు కాబట్టి ఆ ఉదయం పిల్లలకు ఉన్ని స్వెటరూ, మందపాటి నూలు బట్టలూ వేసి, పరికిణీలు నేల మీద జీరాడకుండా చూడాలి.

పాదాలకు మంచుతో తడిసిన గడ్డి పెద్ద శత్రువు. మూసి ఉన్న బూట్లు వేసుకోవాలి, చెప్పులే వేసుకునేవారికి బొటనవేలు విడిగా ఉండే సాక్సులు దొరుకుతాయి. పెద్దవారు మంకీ క్యాప్ మానుకోనవసరం లేదు, కండువా రంగుకు కుదిరేదాన్ని ఎంచుకుంటే చాలు. చలి ఇంకా ఎక్కువగా ఉండే మారేడుమిల్లి కొండల వైపు వెళ్ళేవారు మరో ఉన్ని పొర వెంట తీసుకెళ్ళాలి.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందంటారు. ఉన్ని బట్టలను దాచే సమయమూ అదే. వాటిని ఉతికి, పూర్తిగా ఆరాక మడతపెట్టి, ఎండిన వేపాకు గానీ గుడ్డలో మూటకట్టిన కలరా ఉండలు గానీ పక్కన ఉంచాలి. జరీ చీరలను ఆ ఉండలకు దూరంగా, పాత నూలు గుడ్డలో చుట్టి దాచాలి. వానాకాలంలో ఎండ కాసిన రోజు చూసి అన్నిటినీ ఒకసారి నీడలో గాలికి ఆరవేసి, మడతలు మార్చి పెట్టాలి.