గొర్రె ఏ మేతను ఎంత కోరుకుంటుందో కొలవబోతే వచ్చే చిక్కులు

ఉదయగిరి మెట్టల్లో నెల్లూరు జాతి జోడిపి గొర్రెల ముందు రెండు తొట్లు పెట్టి, ఒకదాంట్లో సుబాబుల్ ఆకు, ఇంకోదాంట్లో వేరుశనగ కట్టె వేసి ఇష్టాన్ని కొలవాలనుకునేవాళ్లకోసం రాస్తున్నాను.

సమస్య: ఏం వేసినా ఒకే తొట్టి దగ్గరికి పోతోంది.
కారణం: అది చూసేది చోటును, మేతను కాదు. దడి అవతల పిల్ల అరుస్తుంటే తల్లి ఆ పక్క తొట్టిలోనే మూతి పెడుతుంది.
పరిష్కారం: ముందొక రోజు రెండింట్లోనూ ఒకే మేత వేయండి, ఏ పక్కకు మొగ్గుతుందో తెలుస్తుంది. తర్వాత రోజూ తొట్లు అటూ ఇటూ మార్చండి.

సమస్య: పచ్చాకు బాగా తరిగింది, తిన్నట్టు మాత్రం ఎవరూ చూడలేదు.
కారణం: ఎండ. రోహిణి కార్తెలో పొద్దున కోసిన ఆకు మధ్యాహ్నానికి చేతిలో నలిపితే గలగలమంటుంది. ఎంత ఆరిందో, ఎంత తిన్నదో కాటా చెప్పదు.
పరిష్కారం: గొర్రెకు అందని చోట అదే ఆకుతో మూడో తొట్టి ఉంచి, అక్కడ తగ్గిన పాళ్లను బట్టి లెక్క సరిచేయండి.

సమస్య: కొత్త మేతను మూతితో కూడా తాకడం లేదు.
పరిష్కారం: ఎరగని వాసనకు జంకుతుంది. వారం పది రోజులు కొద్దికొద్దిగా అలవాటు చేశాకే కొలవండి.

సమస్య: రెండు తొట్లూ ఖాళీ. ఏది ఎక్కువ ఇష్టమో తేలలేదు.
కారణం: ఊరికే దొరికితే రెండూ తింటుంది. ఎంత తిన్నదన్నది ఒక లెక్క, దానికోసం ఎంత కష్టపడుతుందన్నది ఇంకో లెక్క. చాలామంది మొదటి లెక్కతోనే ఆగిపోతారు, అది నాకు బాధగా ఉంటుంది.
పరిష్కారం: మేతకు వెల పెట్టండి. 1961లో విలియం హోడోస్ అనే అమెరికా శాస్త్రవేత్త ఎలుకలతో చేసిందిదే. తీపి పాలు దొరకాలంటే మీట నొక్కాలి. పాలు అందిన ప్రతిసారీ, నొక్కాల్సిన లెక్క పెంచుకుంటూ పోయాడు. ఎలుక ఎక్కడ మానుకుందో అదే కొలత. గొర్రెకు మీట అక్కర్లేదు, నడక చాలు. పిడికెడు మేత తినగానే దాన్ని మొదటి చోటికి తెచ్చి, తొట్టిని ఇంకో ఇరవై అడుగులు దూరం జరపండి. కాసేపటికి నడక మందగిస్తుంది, తొట్టి వైపు ఒకసారి చూసి చెవులు వేలాడేసి నిలబడిపోతుంది. ఆ దూరం రాసుకోండి. ఒక్కదాన్నే విడిగా నడిపించండి, కానీ మిగతా జీవాలు కళ్లకు కనబడాలి, లేకపోతే బెదురుతుంది.

సమస్య: నిన్నటి దూరం ఇవాళ రావడం లేదు.
పరిష్కారం: ఆకలి తేడా. రోజూ మేపుకు తోలకముందే, నీళ్లు తాపించాక కొలవండి.

సమస్య: ఎక్కువ దూరం నడిచి తిన్న సుబాబుల్‌నే రోజంతా వేస్తే బొచ్చు రాలుతోంది.
కారణం: ఆ ఆకులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది. ఇష్టమైనదల్లా ఒంటికి పడదు.
పరిష్కారం: మొత్తం మేతలో మూడో వంతు దాటనీయకండి.