బరువుతో ఎక్కే లారీలో కమాను కట్ట మెలి తిరగకుండా చూసుకోవడం ఎలా?

టెక్కలి గ్రానైటు క్వారీలోంచి దిమ్మెతో లారీ మొదటి గేరులో ఎత్తు ఎక్కుతున్నప్పుడు, దూరంగా నిలబడి, వెనక కమాను కట్టను, అంటే ఉక్కు పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చిన స్ప్రింగును, పక్కనుంచి గమనించండి. ఇంజను టార్కు (తిప్పే బలం) 800 న్యూటన్ మీటర్లు, గేరు నిష్పత్తి 9, ఇరుసు నిష్పత్తి 6 అనుకుంటే, నష్టాలను వదిలేస్తే, ఇరుసు వద్ద అది 43,200 న్యూటన్ మీటర్లవుతుంది. ఆ టార్కు చక్రాలను ముందుకు తిప్పుతూ హౌసింగును (ఇరుసు బయటి గుల్లను) వెనక్కి తిప్పజూస్తుంది కనుక, పినియన్ మూతి (షాఫ్టు వచ్చి ఇరుసులో కలిసే ముందు భాగం) పైకి లేచి, కట్ట ముందు సగం పైకి, వెనక సగం కిందికి వంగి పాములా మెలి తిరుగుతుంది. బ్రేకు వేస్తే ఇదంతా తిరగబడుతుంది.

అందుకే మొదట కట్టను ఇరుసుకు బిగించి పట్టే యూ బోల్టులను చూడాలి. వాటి అంచున మెరిసే రాపిడి గీత గానీ, తుప్పురంగు పొడి గానీ కనిపిస్తే అవి వదులైనట్టే. అలాగే నడిపితే భారమంతా పట్టీలను మధ్యలో కలిపి ఉంచే సెంటర్ బోల్టుపై పడి, అది తెగితే ఇరుసు పక్కకు జరుగుతుంది. తయారీదారు చెప్పిన కొలతకు, టార్కు రెంచితో, ఎదురెదురు మూలలుగా బిగించండి. కొత్త కట్ట వేయిస్తే కొంత దూరం నడిచాక మళ్లీ బిగించండి. అదనపు పట్టీ వేయిస్తే చాలన్న మాటను నేను ఒప్పుకోను, ఎందుకంటే దానివల్ల వదులు బోల్టు బిగుసుకోదు. కట్ట చివర్లలోని బుష్షులు, కట్టను ఛాసిస్‌కు కలిపే షాకిళ్లు, షాఫ్టు కీళ్లలోని క్రాసులు కూడా చూడండి. ఎత్తు మీద క్లచ్చిని ఒక్కసారిగా వదలకండి.